మహమూదాకు ఈత రాదట

పంతొమ్మిదేళ్ల కాపురంలో మహమూదాకు గట్టిగా కోపం వచ్చింది మూడుసార్లే. మొదటి రెండూ గోడకవతలి జానకమ్మ చెవిన కూడా పడలేదు. మూడోది మాత్రం సముద్రం మధ్యలో, ఓడెడు జనం ముందర వచ్చింది.

ఆమె పుట్టింది కోడేరు పక్కన ఒక చిన్న పల్లెలో. తండ్రి ఆజం బావుల్లో పూడిక తీసేవాడు, మోటార్లు దించేవాడు. చేంతాడు తెగి బిందె పడినా, చెంబు పడినా మునిగి తీసిచ్చేవాడు. ఆయనకు కొడుకులు లేరు. కూతురికి ఐదేళ్లు నిండగానే నడుముకు రెండు ఎండిన సొరబుర్రలు కట్టి బావిలోకి వదిలాడు. మొదటి వారం దాటాక ఒక బుర్ర విప్పేశాడు, రెండో వారం దాటాక రెండోదీ విప్పేశాడు. పదేళ్లు వచ్చేసరికి మహమూదా మూడు నిలువుల నీళ్లలో అడుగుకు పోయి బిందెతో పైకి తేలేది. ఆ బిందె తాలూకు అమ్మలు ఆమె దోసిట్లో పల్లీలు పోసి, తడిసిన తల తమ కొంగుతోనే తుడిచి, నూరేండ్లు బతుకు బిడ్డా అని దీవించి పంపేవారు. పదమూడో ఏట ఆమె పెద్దమనిషైంది. ఆ రోజు నుంచి ఆజం ఆమెను బావికి పిలవలేదు. వద్దని ఎవరూ అనలేదు. పిలవలేదు, అంతే.

పద్దెనిమిదో ఏట వనపర్తికి కోడలై వచ్చింది. అజీజ్ చెడ్డవాడని ఎవరూ అనరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్కు. వానలో స్తంభమెక్కితే, ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇంటి ఫోను ముందు మోగించి ఆ తర్వాతే షాపుల వైపు పోయేవాడు. జీతం అందిన సాయంత్రం మల్లెపూలు మరిచిపోయేవాడు కాదు. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒకటే. మహమూదాను ఎవరేమడిగినా జవాబు ఆయన చెప్పేవాడు. దవాఖానలో డాక్టరమ్మ నొప్పి ఎక్కడమ్మా అంటే, పక్కటెముకల కింద మేడం అని అజీజ్. జనాభా లెక్కల సారు వచ్చి ఆమె ఏం పనిచేస్తదని అడిగితే, ఏం లేదు సార్, ఇంట్లనే ఉంటది అని అజీజ్. అప్పుడు వెనక గదిలో ఆమె కుట్టుమిషను గడగడమని తిరుగుతూనే ఉంది. మహమూదా ఊరుకునేది. దేవుడు మంచి మనిషినిచ్చాడు, మాటల దగ్గర ఏముందిలే అనుకునేది.

రెండు వేల ఆరులో సెల్‌ఫోన్లు ఎక్కువై జనం ఇంటి ఫోన్లు వాపసు ఇచ్చేస్తున్నారు. అజీజ్‌కు పని తగ్గి సెలవులు మిగిలాయి. ఆఫీసే ప్రయాణం ఖర్చులిచ్చే ఎల్టీసీ కింద ఎక్కడికైనా పోదామని తోటి మెకానిక్కు భీమన్న పురెక్కించాడు. భీమన్నది గద్వాల వైపు, కృష్ణ ఒడ్డు ఊరు. కొచ్చిన్ నుంచి లక్షదీవులకు ఓడ ఉందని, మూడు రోజులు మూడు దీవుల దగ్గర ఆగుతుందని, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగు చూడొచ్చని అతనే కాగితం తెచ్చి చూపించి, భార్యతో తామూ వస్తామన్నాడు. ఆ కాగితం మీద రంగు రంగుల చేపల బొమ్మ ఉంది. మహమూదా దాన్ని కుట్టుమిషను పైన గోడకు అంటించుకుంది. రెండు నెలలు దాన్ని చూస్తూనే జాకెట్లు కుట్టింది. నీళ్ల కిందికి మళ్లీ పోతానని ఆమె నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. కాని డిసెంబరులో బయలుదేరిన నాటికి ఆమె మనసులో అది తప్ప మరొకటి లేదు. ఇంటరు చదివే కూతురు షాజియాను జానకమ్మ తన ఇంట్లో ఉంచుకుంది. దారికి సజ్జరొట్టెలు, పల్లిపొడి కట్టిచ్చి, కోళ్లకు నీళ్లు నేను పెడతలే, నువ్వు పరేషాన్ కాకు అని పంపింది.

మొదటి దీవి దగ్గర ఓడ ఆగిన పొద్దున ఓడ తాలూకు ఆఫీసరు పేర్లు పిలిచి ముంజేతులకు రిబ్బన్లు కట్టించాడు. ఈత వచ్చినవాళ్లకు నీలం, రానివాళ్లకు ఎర్రది. నీలం కట్టినవాళ్లు సిలిండర్ల పడవకు, ఎర్రది కట్టినవాళ్లు అడుగున అద్దం బిగించిన పడవకు. భీమన్నకు నీలం కట్టారు. అజీజ్‌కు నీలం కట్టారు. మహమూదాకూ, భీమన్న భార్య వనజకూ ఎర్రది కట్టారు.

మహమూదా తన ముంజేయి చూసుకుంది. పొరపాటు పడ్డారేమో అనుకుని అజీజ్ వైపు తిరిగింది.

"నీకు ఈత రాదని రాసిన గదా," అన్నాడు ఆయన, చెప్పు పట్టీ సర్దుకుంటూ.

ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఉర్దూ. బజార్లో తెలుగు. కోపమొస్తే మాత్రం మహమూదాకు బావిగడ్డ మీది తెలుగే నోటికొచ్చేది.

"నన్నడిగినవా?"

"ఏమని అడగాలె?"

"నాకు ఈతొస్తదా అని."

"ఆడోళ్లకు ఈతేంది మహమూదా."

"నాకొస్తది."

అజీజ్ తలెత్తాడు. "ఎప్పటి సంది?" అన్నాడు.

ఆ మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. మూడు వందల గడప లేని తన ఊళ్లో ఏ ఇంటి ముందు నిలబడి అడిగినా చెప్పే సంగతి ఇది. పక్కన పడుకునే మనిషి ఎప్పటి సంది అంటున్నాడు. ఆమె అద్దం పడవెక్కి కూర్చుంది. కింద చేపలు పోతుంటే అందరూ వంగి వంగి చూశారు. మహమూదా మాత్రం అద్దంలో కనిపించే తన మొహాన్నే చూస్తూ కూర్చుంది. వనజ ఆమెను మాట్లాడించాలని రెండుసార్లు చూసి, తర్వాత మాటలు మాని, ఎండ పడకుండా తన కొంగు ఆమె తల వైపు కూడా పట్టుకుంది.

సాయంత్రం ఓడ మీద అసలు సంగతి బయటపడింది. అర్జీలు ఎక్స్ఛేంజిలో ఒకే బల్ల మీద నింపారట. ఈత వచ్చునా అన్న చోట భీమన్న తనకు వచ్చునని, వనజకు రాదని రాశాడు. అది నిజం. అజీజ్ పక్కన కూర్చుని రేషను కార్డు అర్జీ నింపినట్టే నింపేశాడు. ఇంటి యజమానికి వచ్చు, కిందున్న వాళ్లకు రాదు.

కాని అజీజ్‌కే ఈత రాదు. ఆ సంగతి మహమూదాకు తెలుసు. బీచుపల్లి దగ్గర కృష్ణలో చిన్నప్పటి షాజియా చెప్పు కొట్టుకుపోతుంటే మోకాలు దాటి అడుగు వేయని మనిషి ఆయన. భీమన్న ముందు రాదని రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. ఇప్పుడు అర్జీలో ఆమె గురించి రాసింది దిద్దితే తన గురించి రాసింది కూడా బయటపడుతుందని ఆయన భయం.

మహమూదా తానే ఆఫీసరు దగ్గరికి పోయింది. ఆయన నెమ్మదస్తుడు. కుర్చీ చూపించి, చెప్పింది మొత్తం విన్నాడు. అమ్మా, నేను మీ మాట నమ్ముతాను, కాని అర్జీ మీ ఆయన పేరు మీద ఉంది, తప్పు పడిందని ఆయన ఒక్క సంతకం పెట్టాలి, జాగాలన్నీ నిండాయి గనుక నీలం వాళ్లలో ఎవరైనా మానుకోవాలి అని తనకొచ్చిన హిందీలో చెప్పాడు. కాగితం తానే రాసి ఆమె చేతికిచ్చాడు. మహమూదా దాన్ని అజీజ్‌కు ఇచ్చింది. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకున్నాడు.

"రేపు చూస్త," అన్నాడు.

రెండో దీవి దగ్గర కాగితం జేబులోనే ఉంది. తన వంతు వచ్చేసరికి అజీజ్ మొదటి రోజులాగే చెవిపోటు అన్నాడు. భీమన్న ఒక్కడే మునిగి వచ్చి తిండి దగ్గర చేతులు తిప్పుతూ చెప్పాడు. తాబేలు నా పక్కనుంచే పోయింది అజీజ్ భాయ్, తహసీలాఫీసుల పెద్ద గుమాస్త లెక్క, మనిషిని చూస్తే గద, అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న వాళ్లంతా నవ్వారు. అజీజ్ కూడా నవ్వి, మా చిన్నప్పుడు గిట్ల శానా మునిగినం అన్నాడు. మహమూదా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కంచం వదిలి లేచి, ఓడ అంచున ఉన్న కటకటాల దగ్గరికి పోయింది. ఓడ వంటశాలలో పనిచేసే ముసలాయన ఒకడు, పేరు కూడా తెలియదు, ఆమె అన్నం ముట్టలేదని చూశాడేమో, కాసేపటికి కటకటాల దగ్గరికి ఒక గ్లాసు పాలు లేని చాయ్, రెండు అరటిపండ్లు తెచ్చి పెట్టి ఒక్క మాట కూడా అడగకుండా వెళ్లిపోయాడు. అడగకపోవడం కూడా మంచితనం అయ్యే వేళ ఒకటి ఉంటుందని ఆమెకు అప్పుడు తోచింది. కాని అజీజ్ అడగకపోవడం ఇలాంటిది కాదు.

మూడో రోజు చివరి దీవి. అది దాటితే ఓడ నేరుగా కొచ్చిన్ పోతుంది. ఒడ్డున తెల్లటి ఇసుక మీద అందరూ దిగారు. సిలిండర్ల పడవ ఒడ్డుకు నూరడుగుల దూరాన లంగరేసి ఉంది. ఆ నీళ్లు అడుగు దాకా కనిపిస్తున్నాయి. మహమూదా అజీజ్‌ను పక్కకు పిలిచింది.

"సంతకం పెట్టినవా?"

"జర ఆగు. భీమన్న ఈడనే ఉన్నడు."

"ఉండనియ్."

"నా ఇజ్జత్ పోతది మహమూదా."

"నీ ఇజ్జత్ నిలబడనీకి నాకు ఈత రాకుంట చేస్తవా?"

ఆమె గొంతు పెద్దదైంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అజీజ్ చేతితో ఊరుకో ఊరుకో అన్నాడు. ఆ చెయ్యి చూసేసరికి ఆమెకు దవాఖాన గుర్తొచ్చింది, జనాభా లెక్కల సారు గుర్తొచ్చాడు, వెనక గదిలో మిషను చప్పుడు గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. చెప్పులు విడిచింది. వనజ దగ్గరికి పోయి దుపట్టా చేతిలో పెడితే, వనజ ఏమీ అడగకుండా దాన్ని ఆమె నడుముకు రెండు చుట్లు తిప్పి గట్టిగా ముడివేసి, తన చీరకున్న పిన్నీసు తీసి గుచ్చింది.

"పో అక్కా," అంది.

బిస్మిల్లా అనుకుని మహమూదా నీళ్లలోకి నడిచింది. మోకాళ్లు, నడుము, రొమ్ము. కాళ్లు నేల వదిలాయి. ఇరవై నాలుగేళ్లయింది. చేతులు మరిచిపోయి ఉంటాయని లోపల ఒక భయం ఉండింది. అవి మరవలేదు. ఉప్పునీళ్లు బావినీళ్ల లాగా కిందికి గుంజకుండా తేల్చి పట్టాయి. సగం దూరం పైపైన ఈదింది. పడవ దగ్గరికి రాగానే, కోపం కొద్దీనో, సంతోషం కొద్దీనో, దమ్ము పట్టి మునిగి పడవ కింది నుంచి పోయి అవతలి వైపు తేలింది.

ఆ వైపు సిలిండర్లు సరిచూస్తున్న ముజమ్మిల్ ఉలిక్కిపడ్డాడు. అతను ఆ దీవి వాడే, మనుషులను నీళ్ల కిందికి తీసుకుపోయేది అతనే, యాత్రికులతో మాట్లాడి హిందీ పట్టుబడినవాడు. మహమూదా పడవ అంచు పట్టుకుని ఎర్ర రిబ్బను చూపించి ఉర్దూలో చెప్పింది. "భాయ్, నాకు ఈత రాదని కట్టారు."

ముజమ్మిల్ ఒడ్డు వైపు చూశాడు, ఆమె దాటి వచ్చిన నీళ్ల వైపు చూశాడు. కాలికి కట్టుకున్న చిన్న కత్తి తీసి రిబ్బను కోసేశాడు. అక్కను పిలిచినట్టు పైకి రండి ఆపా అని చెయ్యిచ్చి, ఒడ్డుమీది ఆఫీసరుకు కేకేశాడు.

ఒడ్డున ఆఫీసరు అజీజ్ ముందు నిలబడ్డాడు. కాగితం ఏది అన్నాడు. అందరి చూపూ అజీజ్ జేబు మీదే ఉంది. ఆయన మడతలు విప్పి, భీమన్న వీపు మీద పెట్టి సంతకం చేశాడు. చేసి, పదిమందికీ వినపడేటట్టు, నా జాగా ఆమెకు ఇస్తున్న, పోయి రానియ్యండ్రి పాపం అన్నాడు. వంగి ఉన్న భీమన్నకు ఆ పాపం అన్న మాట ఎందుకొచ్చిందో తెలిసే ఉంటుంది. నది ఒడ్డున పుట్టినవాడు, నీళ్లను చూసి భయపడే కళ్లను పట్టలేడా. అయినా అతను నవ్వలేదు. మా పడవలనే రా అజీజ్ భాయ్, పైన కూసుందువు, చెవికి గాలి తగలకుంట రుమాలు కట్టుకో అన్నాడు.

ముజమ్మిల్ ఆమె నడుముకు బరువు కోసం సీసం బిళ్లల పటకా బిగించాడు. కళ్లకూ ముక్కుకూ కలిపి అద్దం పెట్టించాడు. నోట్లో గొట్టం పెట్టించి ముఖ్యమైనది ఒక్కటే అని మూడుసార్లు చెప్పాడు. దమ్ము పట్టొద్దు. పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. పట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. మహమూదా తల ఊపింది.

కాని నీళ్లు నెత్తి మీద మూసుకోగానే ఆమె ఒళ్లు తండ్రి మాటే విన్నది. దమ్ము పట్టింది. ఆజం బిడ్డకు మునగడమంటే దమ్ము పట్టడమే. ఐదో ఏట నేర్చిన మొదటి పాఠం మూడుసార్లు చెబితే పోతుందా. ముజమ్మిల్ ఆమె భుజం పట్టి ఆపాడు. తన గొట్టం నుంచి పైకి పోతున్న బుడగలను చూపించాడు, ఆమె వైపు చూపించి ఏవీ అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె కళ్లెర్ర జేసింది. నీళ్ల కింద కూడా నాకు చెప్పేవాడొకడు దొరికాడని మండింది. అతను చెయ్యి తీయలేదు, తొందరా పెట్టలేదు. తానే మెల్లగా పీల్చి మెల్లగా వదులుతూ, పిల్లకు అక్షరం దిద్దించినట్టు ఆమె కళ్లలోకే చూస్తూ ఉన్నాడు. అలా ఎంతసేపు ఉన్నాడో. మహమూదా వదిలింది. బుడగలు గుంపుగా పైకి పోయాయి. భయపడుతూ పీల్చింది. గాలి వచ్చింది.

బావిలో ఆమెకు ఎప్పుడూ లెక్కే. అంకెలు అయిపోకముందే బిందె దొరకాలి, పైకి తేలాలి. ఇక్కడ లెక్క లేదు. పసుపుపచ్చ చేపలు గుంపుగా ఆమె మోచేతి కింది నుంచి పోయాయి. నీలంగా ఒకటి వచ్చి ఆమె అద్దంలోకి తొంగి చూసి తిరిగిపోయింది. పగడపు రాళ్ల మీది పూలు గాలికి ఊగినట్టు ఊగాయి. సృష్టించినవాడు ఎవరూ చూడని చోట కూడా ఇంత ఓపికగా రంగులద్దాడే అనుకుని ఆమెకు కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, దీన్నేనా నాకు రాదని రాసింది అని మళ్లీ కోపం వచ్చింది. చెమర్చిన కళ్లతోనే కోపంగా అడుగుకు దిగింది.

పైకి తేలినప్పుడు ఆమె కుడి పిడికిలి మూసి ఉంది. పడవ మీద ఆ పిడికిలి విప్పింది. తెల్లటి ఇసుక.

"ఇసుక ఎందుకు తెచ్చినవ్?" అన్నాడు రుమాలు కట్టుకున్న అజీజ్.

భీమన్నకు మాత్రం వెంటనే అర్థమైంది. "అడుగు ముట్టొచ్చిన్నని, భాయ్," అన్నాడు. "మునిగినోళ్లు అడుగు మట్టి తెచ్చి చూపిస్తెనే మునిగినట్టు. బాయి కాడ గదే పద్ధతి. వదినె ఉత్త ఈతగత్తె కాదు, బాయిల మునిగే మనిషి."

ఇక్కడి నుంచి ఏదీ తీసుకుపోకూడదు ఆపా అని ముజమ్మిల్ మెత్తగా చెప్పి, ఆమె అరచెయ్యి కింద తన చెయ్యి పెట్టి ఇసుకను నీళ్లలోకి వంచాడు. ఎక్కడ నేర్చుకున్నారు ఇంత బాగా, అని అడిగాడు.

"మా దిక్కు బాయిలు శానా ఉంటయి," అన్నాడు అజీజ్. "అందుకే నా జాగ నేనే ఆమెకు ఇప్పించి..."

"నువ్వు ఇచ్చిందేం లేదు," అంది మహమూదా.

ఆమె జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. అరవలేదు. కాని ఒక్కొక్క మాటా ఒడ్డుదాకా వినిపించింది.

"నాది నాకు ఉండె. నువ్వు లేదని రాసినవు. నీకు లేనిది ఉన్నదని రాసుకున్నవు. ఈ భాయ్ అడిగింది నన్ను. పంతొమ్మిదేండ్ల సంది అందరు నన్నే అడుగుతుండ్రు, నువ్వు చెప్తున్నవ్. నువ్వు నన్ను ఒక్కటన్న అడిగినవా?"

అజీజ్ రుమాలు విప్పాడు. భీమన్న వైపు చూడలేదు. "నాకు ఈత రాదు," అన్నాడు, ఎవరూ అడగకుండానే. భీమన్న పడవ తాడు సర్దుతూ, "నాకు స్తంభమెక్కుడు రాదు భాయ్, నా స్తంభాలన్ని నువ్వే ఎక్కలేదా," అన్నాడు.

మహమూదా వినిపించుకోలేదు. ముజమ్మిల్ వైపు తిరిగి తండ్రి పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది, బావుల్లో బిందెలు తీసిన సంగతి చెప్పింది. సొరబుర్రల సంగతి చెబితే అతను మేమిక్కడ కొబ్బరికాయలు కడతామని నవ్వాడు. పడవ ఒడ్డు చేరేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే చెప్పింది. కాబట్టి అజీజ్‌కు ఒక్క ముక్క పోకుండా అర్థమైంది. ఆ పేర్లు తప్ప అందులో ఆయనకు ముందు తెలిసింది ఒక్కటీ లేదు.

పొద్దు వాలేసరికి ఓడ కదిలింది. అందరూ తిండికి పోతున్నారు. మహమూదా కటకటాల దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది. అజీజ్ వచ్చి రెండడుగుల దూరాన నిలబడ్డాడు.

"మొదటిసారి నువ్వు తీసిన బిందె ఎవరిది?" అని అడిగాడు.

మహమూదా ఆయన వైపు చూసింది. నోటి దాకా వచ్చింది జవాబు. ఆపుకుంది.

"ఇప్పుడు చెప్ప. కోపం తగ్గినంక చెప్త."

"ఎప్పుడు తగ్గుతది?"

"తెల్వదు," అని జడ ముడి వేసుకుంది. ఆకలిగా ఉంది. ఆమె తిండి గది వైపు నడిచింది. అజీజ్ ఎప్పటిలా ముందు నడవలేదు. వెనకే వచ్చాడు.